తాతగారి జపాన్ కత్తి: కాడ మీది తుప్పు రుద్దాలా, వద్దా?

మనవడు: మా తాతగారు బర్మా యుద్ధంలో పనిచేశారు. 1945లో జపాన్ సైన్యం లొంగిపోయాక ఒక కత్తి ఇంటికి తెచ్చారు. కొయ్య పిడికి దారం అల్లి ఉంది, ఇత్తడి తొడుగుల మీద చెర్రీ పూలు. వెదురు చీల తీసి పిడి ఊడదీస్తే లోపలి కాడంతా నల్లటి తుప్పు. కింద కమ్మరి సంతకం ఉందేమోనని ఉప్పుకాగితంతో రుద్దాలనుకుంటున్నాను. ఏమంటారు?

పాతసామాను: చెర్రీ పూలంటే 1934 తర్వాతి సైనిక కత్తి. ఆ కాలంలో నీళ్లకు బదులు నూనెలో చల్లార్చి గంపగుత్తగా చేసిన అలుగులే (పిడి లేని కత్తి భాగాలే) ఎక్కువ. వాటిని జపాన్‌లోనే కళాఖండాలుగా నమోదు చేయరు. రుద్దండి, సంతకం బయటపడితే విషయం తేలిపోతుంది.

కమ్మరి ఇంటి ఆడపడుచు: దయచేసి రుద్దకండి! పిడిని చూసి అలుగు వయసు చెప్పలేమండీ. జపాన్ అధికారులు కత్తిని సొంత డబ్బుతో కొనుక్కునేవారు. కొందరు ఇంట్లో తరతరాలుగా ఉన్న అలుగుకే సైనిక పిడి వేయించుకున్నారు. కాడ మీది తుప్పు రంగే దాని వయసుకు సాక్ష్యం. రుద్దితే పోయినది మళ్లీ రాదు. ఇక సంతకం అంటారా, కొతెత్సు వంటి పేరుమోసిన కమ్మరుల దొంగ సంతకాలు జపాన్‌ చరిత్రలో 'ఎదో' అనే కాలం (1603–1868) నుంచే ఉన్నాయి. ముందు కాడకు ఎన్ని రంధ్రాలున్నాయో (ఒకటికి మించితే పిడి మార్చిన పాత అలుగు కావచ్చు), 'షోవా', 'సెకి' ముద్రలేమైనా ఉన్నాయో చూడండి. ఆ ముద్రలుంటే యుద్ధకాలపు సరుకే.

మనవడు: రుద్దలేదండీ. రెండు రంధ్రాలున్నాయి. ముద్ర లేదు, సంతకమూ కనిపించలేదు.

పాతసామాను: రెండు రంధ్రాలు చూసి పొంగిపోకండి. యుద్ధం చివర్లో వచ్చిన నమూనాలో పిడికి రెండు చీలలు వేసేవారు. సంతకం లేని కత్తికి విలువేముంటుంది?

కమ్మరి ఇంటి ఆడపడుచు: రంధ్రాల మాట ఒప్పుకుంటాను. సంతకం మాట మాత్రం ఒప్పుకోను. పాత పొడవాటి కత్తులను తర్వాతి కాలంలో కాడ వైపు నుంచి కోసి పొట్టి చేశారు. ఆ కోతలో సంతకాలు పోయాయి. అలాంటివాటిలో జపాన్ జాతీయ సంపదగా గుర్తించినవీ ఉన్నాయి. మనవడు గారూ, వాదర వెంట తెల్లటి అలలాంటి గీత ఉంటుంది. మట్టి పూసి కాల్చి నీళ్లలో ముంచినప్పుడు పడే గీత అది. కోసి పొట్టి చేసిన కత్తిలో ఆ గీత కాడలోకీ దిగి ఉంటుంది. దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, అది ఎంత దూరం దిగిందో చూడండి.

పాతసామాను: అది మంచి పరీక్షే. అయితే వేలెడు దిగడం మామూలు. అంతకు మించితేనే నమ్ముతాను.

మనవడు: ఇప్పుడే చూశాను. పై రంధ్రం దాటి, కింది రంధ్రం దాకా మసకగా కనిపిస్తోంది.

పాతసామాను: అయితే రుద్దమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండు వైపులా ఫొటోలు పెట్టండి. పరీక్షకని జపాన్ పంపే ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దు. వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డొస్తుంది.

కమ్మరి ఇంటి ఆడపడుచు: అలుగుకు కొబ్బరినూనె రాయకండి, కుట్టుమిషను నూనె పలుచగా చాలు. కాడను అలాగే వదిలేయండి.