ఎఫ్‌ఎఫ్‌ఐలో ఎమ్మారై ఎందుకు నార్మల్‌గా కనిపిస్తుంది?

రేడియో_పీజీ:
అందరికీ నమస్తే. వచ్చే వారం జర్నల్ క్లబ్‌లో వంశపారంపర్య ప్రియాన్ జబ్బుల (మెదడులో ప్రియాన్ ప్రొటీన్ ఆకారం చెడి వచ్చేవి) గురించి మాట్లాడాలి. వాటిలో సీజేడీ (క్రూట్జ్‌ఫెల్ట్-జేకబ్ జబ్బు) వరకు ఇబ్బంది లేదు. డిఫ్యూజన్ (నీటి కదలికను చూపే ఎమ్మారై)లో మెదడు పైపొర కార్టెక్స్ అంచు రిబ్బన్‌లా తెల్లగా మెరుస్తుంది, లోపలుండే కాడేట్, పుటామెన్ భాగాలు కూడా. నిద్రను చంపేసే ఎఫ్‌ఎఫ్‌ఐ (ఫేటల్ ఫ్యామిలియల్ ఇన్సోమ్నియా) దగ్గరే చిక్కొచ్చి పడింది. మనిషి చూస్తుండగానే క్షీణించిపోతుంటే ఎమ్మారై దాదాపు నార్మల్! పైగా ప్రియాన్ ప్రొటీన్‌ను తయారుచేసే పీఆర్‌ఎన్‌పీ జీన్‌లో అదే డీ178ఎన్ మార్పు ఇంకొందరికి సీజేడీ తెస్తుందట. మా సార్ సరిగ్గా ఇదే అడుగుతారు.

జన్యుమిత్ర:
జీన్‌లో మార్పు ఉన్న కాపీలోనే 129వ స్థానంలో ఏ అమైనో ఆమ్లం ఉందో చూడండి. మెథియోనిన్ అయితే ఎఫ్‌ఎఫ్‌ఐ, వాలీన్ అయితే సీజేడీ. 1992లో తేలింది. కొన్ని కుటుంబాల్లో ఈ గీత చెరిగిపోతుంది, అదీ చెప్పండి.

స్లైడ్లపిచ్చి:
నాది న్యూరోపాథాలజీ ల్యాబ్, అందుకని కాస్త పక్షపాతం ఉంటుంది. స్కాన్‌తో కుస్తీ పట్టకండి, జవాబు స్లైడ్‌లో ఉంది. డిఫ్యూజన్‌లో ఆ తెలుపు చాలావరకు స్పాంజి మార్పు (కణజాలంలో బుడగలు పడటం) వల్లే వస్తుందంటారు. ఎఫ్‌ఎఫ్‌ఐలో దెబ్బతినే థాలమస్ (మెదడు నడిమి భాగం)లో ఆ బుడగలు బహు తక్కువ, అందుకే స్కాన్‌లో మెరుపు లేదు. అందులోని యాంటీరియర్, డార్సోమీడియల్ న్యూక్లియస్‌లు (న్యూరాన్ల గుంపులు) చూస్తే న్యూరాన్లు ఉండాల్సిన చోట బోసిగా ఉంటుంది. ఆస్ట్రోసైట్లను (న్యూరాన్లకు ఆసరాగా ఉండే కణాలు) చూపే జీఎఫ్‌ఏపీ స్టెయిన్ వేశామా, ఫీల్డంతా అవే, గోధుమ రంగు. మెదడు కాండం కింది భాగమైన మెడుల్లాలో ఇన్ఫీరియర్ ఆలివ్ అనే న్యూక్లియస్‌దీ అదే గతి. ప్రియాన్ ప్రొటీన్ స్టెయిన్ మాత్రం ఉసూరుమనిపిస్తుంది, పేరుకునేదే తక్కువ. జబ్బు ఎక్కువ కాలం సాగినవాళ్లలో కార్టెక్స్‌లోనూ బుడగలు కనిపిస్తాయి.

1986లో ఇటలీలోని బొలోన్యాలో లుగారేసి అనే డాక్టర్ బృందం రాసిన మొదటి ఎఫ్‌ఎఫ్‌ఐ కేసు 53 ఏళ్ల మనిషిది. అందులోనూ దెబ్బంతా థాలమస్ మీదే. అది ప్రియాన్ జబ్బని అప్పటికి తెలియదు. మీరు బొమ్మ చూపించాలంటే ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ పెట్టండి, థాలమస్‌లో గ్లూకోజ్ వాడకం పడిపోయి కనిపిస్తుంది.

ఇంకోమాట. మెదడు ముక్కలను ఫార్మలిన్‌లో పడేశాం కదా అని ధీమా వద్దు, ప్రియాన్ దానికి చావదు. బ్లాకులను గాఢ ఫార్మిక్ యాసిడ్‌లో గంటసేపు ఉంచాకే ప్రాసెసింగ్‌కు పంపాలి. ఆ వాసన ముక్కుకు పట్టిందంటే మధ్యాహ్నం భోజనం మీద ఆశ వదులుకోవాల్సిందే!

నిద్రలేని_రాత్రి:
నాకు నెల నుంచి సరిగా నిద్ర లేదు. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది.

జన్యుమిత్ర:
అన్నా, ఇది ప్రపంచం మొత్తంలో కొద్ది కుటుంబాల్లోనే ఉన్న జబ్బు. నిద్ర పట్టకపోవడానికి మామూలు కారణాలే సవాలక్ష. ఓసారి డాక్టరుకు చూపించుకోండి, రాత్రిపూట ఇలాంటి థ్రెడ్లు చదవకండి.

రేడియో_పీజీ:
స్లైడ్లపిచ్చి గారూ, చాలా థాంక్స్. మరి ఇంకో వంశపారంపర్య ప్రియాన్ జబ్బు జీఎస్‌ఎస్‌లో?

స్లైడ్లపిచ్చి:
పీఆర్‌ఎన్‌పీలో పీ102ఎల్ మార్పున్న కేసైతే సెరిబెల్లం (చిన్న మెదడు) బ్లాక్ అడగండి. మధ్యలో పెద్ద అమిలాయిడ్ (పేరుకున్న ప్రొటీన్) ముద్ద, చుట్టూ పిల్ల ముద్దలు. ఒక్కసారి చూస్తే మర్చిపోరు. ఎమ్మారైలో సెరిబెల్లం కుంచించుకుపోయి ఉండొచ్చు, మొదట్లో అదీ ఉండకపోవచ్చు.