కుమ్మరి పురుగును కీచురాళ్ల వర్గంలో చేర్చడానికి ఆధారమైన శరీర లక్షణాలు ఏవి?

ప్రశ్న

గోదావరి డెల్టాలోని మా వరి నారుమడికి నీరు పెట్టినప్పుడు గట్టు వారగా నేలలోంచి బయటికి వచ్చిన మూడు పురుగులను సీసాలో ఉంచాను. ఒక్కొక్కటి సుమారు 3 సెంటీమీటర్ల పొడవుంది, ముందుకాళ్లు పారల్లా వెడల్పుగా ఉన్నాయి. మా వైపు దీనిని కుమ్మరి పురుగు అంటారు; బురదలో తిరిగినా ఒంటికి మట్టి అంటని జీవిగా వేదాంతం చెప్పేవారు దీనినే ఉదాహరిస్తారు. పుస్తకాలు దీనిని కీచురాళ్లకు దగ్గరి బంధువుగా, గ్రిల్లోటాల్పిడే కుటుంబంలో చూపుతున్నాయి. అయితే కీచురాయికి ఉండే గెంతే వెనుకకాళ్లు గాని, ఆడదానికి సూదిలా వెనక్కి పొడుచుకువచ్చే అండనిక్షేపకం (గుడ్లు పెట్టే గొట్టం) గాని దీనికి కనబడడం లేదు. అలాంటప్పుడు బంధుత్వాన్ని దేనిని బట్టి నిర్ణయించారు? ఏటి ఒడ్డు ఇసుకలో సెంటీమీటరైనా లేని, ఇలాగే తవ్వే నల్లటి పురుగు కూడా ఒకటి దొరికింది. అది దీని పిల్లేనా?

మొదటి జవాబు

చాలామంది ముందుకాలిని చూసి ఆగిపోతారు, పొరపాటు అక్కడే జరుగుతుంది. నేల తవ్వే ఏ కీటకానికైనా అలాంటి కాలు అవసరమే కాబట్టి, అది వేరువేరు వంశాలలో విడివిడిగా ఏర్పడింది. ఆస్ట్రేలియాలో ఇసుక కింద బతికే సిలిండ్రాకెటిడే కుటుంబపు కీటకాలు చూపుకు కుమ్మరి పురుగుల్లాగే ఉంటాయి గాని, అవి మిడతల ఉపక్రమానికి చెందినవి. మీరు ముందుగా చూడవలసింది మీసాలను. కీచురాళ్లుండే ఎన్సిఫెరా ఉపక్రమంలో మీసానికి సాధారణంగా ముప్ఫైకి మించి ఖండాలుంటాయి, మిడతల వైపు అంతకంటే తక్కువే ఉంటాయి. కుమ్మరి పురుగు మీసం మామూలు కీచురాయి మీసం కంటే పొట్టిదే అయినా, భూతద్దం కింద సన్నని ఖండాలు వరుసగా చాలా కనబడతాయి.

తరువాతి ఆధారం చెవి: కీచురాళ్లకు ఉన్నట్టే దీనికీ ముందుకాలి టిబియా (మోకాలి కింది భాగం) మీద ఉంటుంది, కాకపోతే సన్నని చీలికలా కనబడుతుంది. మగది ముందురెక్కలను ఒకదానితో ఒకటి రాసి పాడడం, పాదభాగమైన టార్సస్‌లో మూడే ఖండాలు ఉండడం, పొట్ట చివర తోకల్లాంటి రెండు పొడవాటి సెర్సీలు ఉండడం కూడా కీచురాళ్ల పోలికలే. అండనిక్షేపకం బయటికి కనబడకపోవడం, వెనుకకాలు గెంతడానికి పనికిరానంత చిన్నదైపోవడం, ఛాతీ ముందుభాగాన్ని పైనుంచి కప్పే ప్రోనోటం డిప్పలా పెరగడం వంటి తేడాల వల్లనే దీనిని మామూలు కీచురాళ్ల కుటుంబమైన గ్రిల్లిడేలో కలపకుండా విడి కుటుంబంగా ఉంచారు. లిన్నేయస్ 1758లో దీనికి గ్రిల్లస్ గ్రిల్లోటాల్పా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో గ్రిల్లస్ అంటే కీచురాయి, టాల్పా అంటే నేల తవ్వే మోల్ అనే జంతువు. ఆయన మిడతలను కూడా గ్రిల్లస్‌లోనే వేశాడు కనుక, ఆ పేరును బంధుత్వానికి సాక్ష్యంగా తీసుకోలేము.

మట్టి అంటకపోవడానికి కారణం ఒంటినిండా ముఖమల్‌లా ఒత్తుగా ఉండే సన్నని నూగు. వేదాంతులు బాగానే గమనించారు.

రెండో జవాబు

కుటుంబం తేలిన తరువాత ముందుకాలు మళ్లీ పనికివస్తుంది. టిబియా చివర నాలుగు గోళ్లుంటే అది గ్రిల్లోటాల్పినే ఉపకుటుంబం, రెండే ఉంటే దక్షిణ అమెరికాకు చెందిన స్కాప్టెరిస్కస్, దాని దగ్గరి ప్రజాతులు (జీనస్లు). లెక్కపెట్టేటప్పుడు ఒక చిక్కుంది: టార్సస్ మొదటి రెండు ఖండాలు కూడా గోళ్ల ఆకారంలోనే ఉంటాయి. వాటిని కలిపితే మొత్తం ఆరవుతాయి. అమెరికా ఖండాలలోని నియోకర్టిల్లా హెక్సాడాక్టిలా పేరులోని ‘ఆరు వేళ్లు’ ఈ లెక్కకే సరిపోతుంది. మన పొలాలలో దొరికేవి గ్రిల్లోటాల్పా ప్రజాతివి.

జాతి పేరు విషయంలో మాత్రం పుస్తకాన్ని గుడ్డిగా నమ్మకండి. మన వ్యవసాయ పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా గ్రిల్లోటాల్పా ఆఫ్రికానా అని రాస్తున్నాయి. 1983లో టౌన్సెండ్ అనే కీటక శాస్త్రవేత్త ఆఫ్రికా జాతులను పునఃపరిశీలించి, ఆసియాలో ఆ పేరుతో పిలుస్తున్నవి చాలావరకు గ్రిల్లోటాల్పా ఓరియంటాలిస్ అని చూపాడు. ఈ రెండూ చూపుకు దాదాపు ఒక్కటే కావడంతో రంగు, పొడవులతో తేలవు; మగదాని జననాంగ నిర్మాణాన్ని పరిశీలించవలసి ఉంటుంది, పాట రికార్డు కూడా ఉంటే మంచిది. మగది ఏదో తెలియాలంటే ముందురెక్క చూడండి: ఈనెల మధ్య విశాలమైన గది ఉంటే మగది, ఈనెలు సన్నని వలలా అల్లుకుని ఉంటే ఆడది.

ఇసుకలో దొరికింది పిల్ల కాదనే నా అనుమానం. అది ట్రైడాక్టిలిడే కుటుంబపు మరుగుజ్జు కీటకం కావచ్చు. అదీ మిడతల వైపుదే. దాని మీసానికి పది, పన్నెండు ఖండాలే ఉంటాయి, వెనుక తొడ లావుగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పెద్దవాటిలో రెండింటి రెక్కల మీద ఆ గది స్పష్టంగా కనబడింది, మూడోది ఆడది. గోళ్లను మొదట నేనూ ఆరుగానే లెక్కపెట్టాను. టార్సస్‌ను సూదితో పక్కకు జరిపితే టిబియాకు మిగిలినవి నాలుగే. చిన్నదాని మీసంలో పది ఖండాల వరకు లెక్క వచ్చింది. ఇంకోసారి సరిచూద్దామని మూత తీసేసరికి అది గెంతి కిటికీ దాటిపోయింది.