అప్‌డేట్: వంకాయ మానేసినా తగ్గని దద్దుర్లు

ఎనిమిది నెలలుగా వస్తున్న దద్దుర్లు వంకాయ, గుడ్డు మానేసినా ఎందుకు తగ్గడం లేదని గతంలో అడిగాను. ఆరు వారాలు దాటిన దద్దుర్లకు ఆహారం కారణం కావడం అరుదని చర్మవ్యాధి నిపుణురాలు చెప్పారు. చాలామందిలో సొంత ప్రతిరక్షకాలే చర్మంలోని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలపై ఉండే ఐజీఈ (అలర్జీల్లో పాల్గొనే ప్రతిరక్షకం)కి గానీ, అది అతుక్కునే గ్రాహకానికి గానీ అతుక్కుని దురద, వాపు కలిగించే హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తాయని, అప్పుడు సన్నని రక్తనాళాల నుంచి ద్రవం ఊరి చర్మం ఉబ్బుతుందని వివరించారు. రక్తపరీక్షలో బేసోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దాదాపు సున్నా అని చూసి కంగారుపడ్డాను కానీ, అవి రక్తాన్ని వదిలి చర్మంలోకి చేరడం వల్ల కూడా అలా కనిపించవచ్చట.

దద్దు చుట్టూ పెన్నుతో గీత గీసి చూడమన్నారు. ప్రతిదీ 24 గంటల్లోపే మచ్చ లేకుండా మాయమైంది కాబట్టి రక్తనాళాల వాపు కాదని తేల్చారు. హిస్టమిన్ పనిని అడ్డుకునే బిలాస్టిన్ మందు మోతాదును ఆమె పర్యవేక్షణలో నాలుగు రెట్లు పెంచినా చాలకపోవడంతో, ఐజీఈని బంధించే ఒమాలిజుమాబ్ 300 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ను నాలుగు వారాలకొకసారి ఇస్తున్నారు. ఖరీదు మాత్రం గుండె గుభేలుమనిపించేదే. రెండు డోసులయ్యాక దురద బాగా తగ్గింది, నడుము దగ్గర బెల్టు ఒరిసే చోట మాత్రం ఇంకా వస్తున్నాయి. వంకాయ మళ్ళీ తింటున్నాను.