1965 బీటిల్‌లో 1600 సి.సి. ఇంజిన్ బిగించే ముందు ఏమేమి చూసుకోవాలి?

పాతబీటిల్65 అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. రెండున్నరేళ్లుగా ఇంటి షెడ్డులో నేనొక్కడినే బాగుచేసుకుంటూ వస్తున్న 1965 నాటి వోక్స్‌వ్యాగన్ బీటిల్ గురించి మీ సలహా కోరుతున్నాను. బాడీ పని దాదాపు పూర్తయింది. తలుపుల కింద నిడివిగా పోయే హీటర్ చానళ్లు రెండు వైపులా తుప్పు పట్టి చేతితో నొక్కితే రాలిపోయే స్థితిలో ఉండేవి. వాటిని కోసే ముందు తలుపు గడపలకు అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించి, తలుపుల చుట్టూ ఉన్న సందులను కొలిచి రాసిపెట్టుకోవడం వల్ల, కొత్త చానళ్లు అతికిన తరువాత కూడా తలుపులు మునుపటిలాగానే మూసుకుంటున్నాయి. గేర్‌బాక్సు బాగానే ఉంది.

చిక్కంతా ఇంజిన్‌తోనే. కారుతో వచ్చిన 1192 సి.సి. ఇంజిన్‌ను విప్పి లేత్ పనివారికి చూపించగా, మెయిన్ బేరింగుల బోరును గతంలోనే ఒకసారి పెద్దది చేశారనీ, సిలిండర్ హెడ్లను పట్టి ఉంచే స్టడ్‌ల మరలు కొన్ని ఇంజిన్ కేసులోంచి ఊడివచ్చాయనీ, ఆ కేసు మీద ఇక ఖర్చు పెట్టడం దండగనీ చెప్పారు. అందుకని 12 వోల్టుల కారులోంచి తీసిన 1584 సి.సి. (వాడుకలో 1600) డ్యూయల్ పోర్ట్, అంటే ఒక్కో హెడ్‌కు రెండు ఇన్‌టేక్ దారులున్న ఇంజిన్ ఒకటి కొన్నాను. అమ్మినవారు దాన్ని పూర్తిగా విప్పి కట్టామని చెప్పారు గానీ, ఏమేమి మార్చారో కాగితం మీద రాసి ఇవ్వలేదు.

నా కారు 6 వోల్టులది. కొత్త ఇంజిన్ ఫ్లైవీలు (క్లచ్‌ను మోసే పళ్ల చక్రం) పాతదానికంటే పెద్దదిగా ఉంది కనుక, పాత ఫ్లైవీలునే దీనికి బిగించుకోవడం మేలా, లేక గేర్‌బాక్సు బెల్ హౌసింగును (ఫ్లైవీలును కప్పే డొప్పను) లోపల అరగదీసి పెద్ద ఫ్లైవీలుకు చోటు చేసుకోవడం మేలా? ఎవరి సాయమూ లేకుండా ఒక జాకీతో ఇంజిన్ ఎక్కించడం క్షేమమేనా? ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇంజిన్ వెనుక ఉన్న పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే సన్నగా టక్కుమని శబ్దం వస్తోంది. దీన్ని పట్టించుకోవలసిన అవసరం ఉందా?

మరచుట్టు ఇచ్చిన సమాధానం

మీరు చివరగా అడిగినదానికే ముందు జవాబు చెప్పాలి. ఆ టక్కు శబ్దం సంగతి తేలేవరకు ఇంజిన్‌ను కారు దగ్గరికి తీసుకువెళ్లకండి. అది ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టు ఎండ్ ప్లే, అంటే షాఫ్టు తన నిడివి వెంట ముందుకూ వెనక్కూ కదిలే మేర. ఈ ఇంజిన్‌లో అది 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్యలో ఉండాలి, 0.15 దాటితే అరిగినట్టే లెక్క. సరైన కొలతలో ఉన్నప్పుడు చేతికి కదలిక తెలిసీ తెలియనట్టు ఉంటుంది. చెవికి స్పష్టంగా శబ్దం వినిపిస్తోందంటే ప్లే ఎక్కువై ఉండే అవకాశమే ఎక్కువ. ప్రతిసారీ క్లచ్ తొక్కినప్పుడు పడే ఒత్తిడిని మోసేది ఫ్లైవీలు పక్కనున్న మొదటి నంబరు బేరింగే కాబట్టి, ఈ లోపం ఉండగానే నడిపితే ఆ బేరింగు కేసును కొట్టుకుంటూ తినేస్తుంది. నేను పదేళ్ల కిందట ఇలాగే ఎవరో కట్టిన ఇంజిన్‌ను మాట మీద నమ్మకంతో కొలవకుండా ఎక్కించాను. మూడు నెలలు తిరగకుండానే ఫ్లైవీలు సీలు దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. దించి చూస్తే, బాగుచేయడానికి వీలులేనంతగా కేసు పాడైపోయి ఉంది.

కొలిచే పద్ధతి ఇంట్లో చేసుకోదగినదే. ఫ్లైవీలు విప్పి, ఆయిల్ సీలునూ ఫ్లైవీలులోని రబ్బరు రింగునూ తీసివేసి, లోపలుండే మూడు షిమ్ములలో (సందు సరిచేసే పలుచని రింగులలో) రెండింటిని మాత్రమే ఉంచి ఫ్లైవీలును మళ్లీ బిగించండి. డయల్ గేజీని (సన్నని కదలికను కొలిచే సాధనాన్ని) కేసుకు పట్టించి, దాని ముల్లును ఫ్లైవీలు ముఖానికి ఆనించి, షాఫ్టును లోపలికీ బయటికీ నెట్టి ఎంత కదులుతోందో రాసుకోండి. అందులోంచి 0.10 తీసివేస్తే మిగిలేదే మూడో షిమ్ము మందం. ఉదాహరణకు గేజీ 0.44 చూపితే 0.34 షిమ్ము కావాలి. షిమ్ములు ఎప్పుడూ మూడే ఉండాలి. రెండు మందపాటివి వేసి సరిపెట్టడం గానీ, నాలుగు పలుచనివి పేర్చడం గానీ చేయకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొలుస్తున్నప్పుడు షాఫ్టుతో పాటు బేరింగు కూడా కేసులో కదులుతున్నట్టు కనిపిస్తే షిమ్ములతో ఆ లోపం తీరదు, కేసును విప్పక తప్పదు. అలా కదలకపోతే మీరు అదృష్టవంతులే. కొలత కుదిరాక కొత్త సీలు, కొత్త రబ్బరు రింగు వేసి, మధ్యలోని పెద్ద నట్టును సుమారు 300 న్యూటన్ మీటర్ల బిగువుకు తేవాలి. అంత పెద్ద టార్క్ రెంచి చాలామంది ఇళ్లలో ఉండదు. ఫ్లైవీలు తిరగకుండా కట్టుదిట్టం చేసి, 36 మి.మీ. సాకెట్టుకు మీటరు పొడవున్న కడ్డీ తగిలించి, దాని చివర ముప్ఫై కిలోల బరువు పడేలా చూసుకుంటే దాదాపు అదే బిగువు వస్తుంది.

ఇంజిన్ ఇంకా నేల మీద ఉండగానే కంప్రెషన్ (సిలిండరులో పుట్టే ఒత్తిడి) కూడా చూసుకోండి. నాలుగు సిలిండర్లలోనూ అంకెలు దగ్గర దగ్గరగా ఉండటం, ఒక్కొక్కటి ఎంత చూపిందన్న దానికంటే ముఖ్యం. డ్యూయల్ పోర్ట్ హెడ్లు వాల్వు సీటుకూ ప్లగ్గు మరకూ మధ్య పగలడం తరచుగా జరిగేదే కనుక, ప్లగ్గులు తీసినప్పుడు లైటు వేసి ఆ భాగాన్ని చూడండి. మూడో సిలిండరు వెనుక, ఫ్లైవీలు వైపు కేసు మీద సన్నని పగులు ఉందేమో గుడ్డతో తుడిచి మరీ పరిశీలించండి.

తీగలల్లిక ఇచ్చిన సమాధానం

ఫ్లైవీలు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. పాత 6 వోల్టుల ఫ్లైవీలుకు 109 పళ్లు, దాని మీద 180 మి.మీ. క్లచ్ కూర్చుంటుంది. మీ 1600 ఇంజిన్‌తో వచ్చినదానికి 130 పళ్లు, 200 మి.మీ. క్లచ్ ఉంటాయి. పాత ఇంజిన్ 34 హార్స్‌పవర్‌ది, ఇది 50 హార్స్‌పవర్‌ది. పెరిగిన ఆ శక్తిని చిన్న క్లచ్ మీద మోపడం నాకు నచ్చదు. బెల్ హౌసింగును అరగదీయడమే సరైన మార్గం.

అయితే ఆ గేర్‌బాక్సు పోత మెగ్నీషియం మిశ్రమలోహమని మరవకండి. దాని పొడి నిప్పు తగిలితే అంటుకుంటుంది, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. కనుక నిప్పురవ్వలు రాల్చే గ్రైండింగు రాయి వద్దు. ఆకురాయితో గానీ, కార్బైడ్ బర్ తో నెమ్మదిగా గానీ తీయండి. రాలిన పొడిని ఎప్పటికప్పుడు ఊడ్చివేస్తూ, పొడి ఇసుక నింపిన బకెట్టు చేతికందే దూరంలో ఉంచుకోండి. ఇన్‌పుట్ షాఫ్టు సీలును గుడ్డతో, టేపుతో మూసివేయండి. ఎక్కడ తగులుతోందో తెలుసుకోవడానికి ఫ్లైవీలు పళ్లకు రంగు పూసి, దాన్ని బెల్ హౌసింగులో అమర్చి చేతితో తిప్పితే, తగిలిన చోటల్లా రంగు అంటుకుంటుంది. అంటిన చోట మాత్రమే తీయాలి. ఓపిక ఉంటే ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని ఇది.

సెల్ఫ్ మోటారు కూడా 12 వోల్టులదే కావాలి. దాని షాఫ్టు కొస 6 వోల్టులదానికంటే సన్నం. ఆ కొసను పట్టి ఉంచే బుష్షు గేర్‌బాక్సు పోతలోనే ఉంటుంది కాబట్టి, పాత బుష్షును తీసి, బయటి కొలత పాతదానికీ లోపలి కొలత కొత్త షాఫ్టుకూ సరిపోయే బుష్షును ఇంజిన్ ఎక్కించక ముందే వేయాలి. ఈ ఒక్క పని మరచిపోయి ఇంజిన్‌ను మళ్లీ దించినవారిని నేను చూశాను.

మీ గేర్‌బాక్సులో క్లచ్ రిలీజ్ బేరింగు గైడు గొట్టం లేని పాత రకం. దానికి మధ్యలో రింగు ఉన్న ప్రెషర్ ప్లేటే (క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు నొక్కి ఉంచే భాగం) వాడాలి. 1971 తరువాతి కార్లలో గొట్టం మీద జరిగే బేరింగు వచ్చింది కనుక, ఆ ప్లేట్లకు రింగు ఉండదు. మీ ఇంజిన్‌తో వచ్చిన ప్లేటు ఏ రకమో ఇప్పుడే చూసుకోండి.

వైరింగు మొత్తం మార్చనక్కరలేదు. అదే వాటేజీకి 12 వోల్టుల దగ్గర కరెంటు సగమే పారుతుంది కాబట్టి, ఇన్సులేషన్ బాగుంటే పాత వైర్లు హాయిగా సరిపోతాయి. బల్బులన్నీ, ఫ్లాషర్ రిలే, కాయిల్, చోకు ఎలిమెంటు, హారను మాత్రం మార్చాలి. వైపరు మోటారును అలాగే వదిలేస్తే రెట్టింపు వేగంతో కొట్టుకుని కాలిపోతుంది గనుక, దానికి తగిన రెసిస్టరు గానీ 12 వోల్టుల మోటారు గానీ పెట్టండి. పెట్రోలు గేజీ గురించి దిగులు వద్దు. మీ సంవత్సరపు కారులో అది తీగతో పనిచేసేది, విద్యుత్తుతో దానికి సంబంధమే లేదు.

రేకులడొప్ప ఇచ్చిన సమాధానం

పైన ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఎవరూ ప్రస్తావించని రేకుల సంగతి చెబుతాను. ఈ ఇంజిన్‌కు నీళ్లు లేవు. గాలీ, ఆయిలే దాన్ని చల్లబరచాలి. ఫ్యాను డొప్ప, సిలిండర్ల కింది రేకులు, ఇంజిన్ చుట్టూ బాడీకి ఆనుకునే రబ్బరు పట్టీ, ఇవన్నీ కలిసి ఇంజిన్ గదిని పైభాగం, కిందిభాగం అని రెండుగా విడదీస్తాయి. పైనుంచి చల్లని గాలి తీసుకోవాలి, వేడిగాలి కిందికి పోవాలి. పట్టీ రెండంగుళాల మేర లేకపోయినా, కింద ఎగ్జాస్టును తాకి వేడెక్కిన గాలిని ఫ్యాను మళ్లీ పైకి పీల్చుకుంటుంది. పాత ఇంజిన్‌లో ఆయిల్ కూలరు డొప్ప లోపలే, మూడో సిలిండరుకు వెళ్లే గాలికి అడ్డంగా నిలబడి ఉండేది. ఆ సిలిండరు ఎక్కువ వేడెక్కడానికి ఒక కారణం అదే. 1971 మోడల్ నుంచి కూలరును ప్రధాన గాలి దారిలోంచి తప్పించి, దానికి ప్రత్యేకంగా గాలి దారి కల్పించారు. మీరు కొన్న ఇంజిన్ ఆ రకమైతే, కూలరులోంచి వచ్చే వేడిగాలిని కిందికి పంపే చిన్న రేకు కూడా తప్పనిసరిగా ఉండాలి. ఇంజిన్లు విడిగా అమ్మేటప్పుడు పారవేసేది సాధారణంగా ఆ రేకునే.

పెట్రోలు గొట్టాల విషయంలో ఏమాత్రం ఉపేక్షించకండి. కార్బ్యురేటరు మూతలోకి దూర్చిన ఇత్తడి గొట్టం కాలక్రమంలో వదులై ఊడివస్తుంది; ఊడితే పెట్రోలు నేరుగా డిస్ట్రిబ్యూటరు, కాయిలు మీద పడుతుంది. దాన్ని చేతితో తిప్పి చూడండి, కదిలితే మర పెట్టించండి. ఫిల్టరును ఇంజిన్ గదిలో కాకుండా గేర్‌బాక్సు పక్కన పెట్టండి. ఇనుప గొట్టం గోడలోంచి వచ్చే రంధ్రంలో రబ్బరు వాషరు ఉందో లేదో చూడండి. ఇంజిన్ కేసు కూడా మెగ్నీషియం మిశ్రమమే కాబట్టి, ఒకసారి అంటుకుంటే రెండున్నరేళ్ల మీ శ్రమ నిమిషాలలో బూడిదవుతుంది. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, నా స్నేహితుడి కారు అలా కాలిపోవడం కళ్లారా చూడటమే.

బ్రేకులు కూడా ఇప్పుడే చూసుకోవాలి. మీ కారులో నాలుగూ డ్రమ్ములే, మాస్టర్ సిలిండరు ఒకే సర్క్యూట్‌ది. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇంజిన్ శక్తి దాదాపు సగం పెరుగుతున్నప్పుడు రెండు సర్క్యూట్ల సిలిండరుకు మారడం నా దృష్టిలో ఐచ్ఛికం కాదు.

ఒక్కరే ఎక్కించడం గురించి అడిగారు. ఇంజిన్ సుమారు 110 కిలోలు, దాన్ని గేర్‌బాక్సుకు పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు. పని కష్టం కాదు గానీ, జాకీని నమ్మి కారు కిందికి దూరవద్దు. బాడీని గట్టి స్టాండ్ల మీద నిలపండి. ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటులోకి తిన్నగా దూరేవరకు ఇంజిన్ బరువంతా జాకీ మీదే ఉండాలి, ఒక్క క్షణం కూడా షాఫ్టు మీద వేలాడకూడదు. బోల్టులు బిగించి దగ్గరికి లాక్కోవాలని చూడకండి. సందు మూసుకోకపోతే ఎక్కడో ఏదో వంకరగా ఉందని అర్థం. ఆ సమయంలో జాకీ ఎత్తు సరిచేసేవారు ఒకరు పక్కన ఉంటే చాలా తేలిక.

పాతబీటిల్65

అందరికీ కృతజ్ఞతలు. వారాంతంలో డయల్ గేజీ అరువు తెచ్చుకుని కొలిచాను. రెండు షిమ్ములతో 0.47 చూపింది. లెక్క ప్రకారం 0.37 కావాలి, దొరికిన వాటిలో దగ్గరిది 0.36 కనుక అది వేస్తే ప్లే 0.11 వద్ద నిలుస్తుంది. బేరింగు కేసులో కదలడం లేదు, ఎన్నిసార్లు చూసినా షాఫ్టు ఒక్కటే కదిలింది. విప్పినప్పుడు బయటపడిన సంగతి ఏమిటంటే, లోపల ఉన్నవి రెండు షిమ్ములే. కట్టినవారు మూడోది వేయనే లేదు. కూలరు వేడిగాలి రేకు కూడా లేదు, ప్రెషర్ ప్లేటు మధ్యలో రింగు లేని రకం. రెండింటినీ తెప్పిస్తున్నాను. ఇంజిన్ నంబరు మారుతోంది కాబట్టి రిజిస్ట్రేషన్ పత్రాలలో నమోదు చేయించే పని కూడా మొదలుపెట్టాను. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పాటించవలసినవి ఏవైనా ఉంటే చెప్పగలరు.

మరచుట్టు

0.11 చక్కని కొలత. మూడో షిమ్ము వేయనివారు మిగతావి కూడా చూసి ఉండరనే అనుకుని, వాల్వు సందులన్నీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.15 మి.మీ.కు మీరే సరిచేసుకోండి. రెండున్నర లీటర్ల ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేవరకు సెల్ఫ్ మోటారుతో తిప్పండి. ఆరకపోతే స్టార్ట్ చేయవద్దు. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు కొత్తదో పాతదో తెలియదు గనుక కొత్తదేనని భావించి, స్టార్టు కాగానే ఐడిల్‌లో వదలకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య ఇరవై నిమిషాలు నడపండి. ఆ ఇరవై నిమిషాలూ మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకుని పెట్రోలు గొట్టాల దగ్గరే నిలబడండి. ఈ ఇంజిన్‌కు కాగితపు ఆయిల్ ఫిల్టరు ఉండదు, అడుగున జల్లెడ మాత్రమే ఉంటుంది. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చినప్పుడు ఆ జల్లెడను విప్పి, అందులో మెరిసే లోహపు పొడి ఏమైనా ఉందేమో చూసి ఇక్కడ రాయండి.