టీబీ బ్యాక్టీరియాలో పేరు లేని జన్యువు ప్రాజెక్టుగా వచ్చింది, మార్చమని అడగనా?

విశాఖ_మైక్రో:
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. గైడ్ గారు నాకిచ్చిన టీబీ జన్యువుకు పేరు లేదు. ఆర్‌వీ అని ఒక నంబరు, పక్కన "కన్సర్వ్‌డ్ హైపోథెటికల్" (వేరే జీవుల్లోనూ కనిపిస్తుంది గానీ పని తెలియదు) అని ఉంది, అంతే. నా ఫ్రెండ్‌కి ఆర్‌పీఓబీ అనే పేరున్న జన్యువు వచ్చింది, దాని మీద బోలెడు పేపర్లున్నాయి. మా మేనమామ మందులకు లొంగని టీబీతో రెండేళ్లు బాధపడ్డాడు. అందుకే ఈ చదువుకొచ్చాను, పనికొచ్చేది చేయాలని ఉంది. 1998లోనే జీనోమ్ అంతా చదివేశారు కదా, ఇంకా ఇలాంటివెందుకు మిగిలాయి? చాలా టెన్షన్‌గా ఉంది.

కల్చర్‌ల్యాబ్_11ఏళ్లు:
మార్చమని అడగొద్దమ్మా.

డీఎన్‌ఏ అక్షరాలు చదవడం వేరు, అర్థం తెలియడం వేరు. 44 లక్షల అక్షరాలు, సుమారు 4,000 జన్యువులు. 1998 నాటికి కచ్చితంగా పని చెప్పగలిగింది 40 శాతానికే. ఇంటిపేరు చూసి చుట్టరికం కలిపినట్టు, వేరే జీవుల ప్రోటీన్లతో పోలిక చూసి పని ఊహిస్తారు. 16 శాతానికి ఆ పోలిక కూడా దొరకలేదు. పైగా ఈ బ్యాక్టీరియా ఒకటి రెండు కావడానికే దాదాపు రోజు పడుతుంది. ప్లేటు మీద కాలనీ కోసం మూడు, నాలుగు వారాలు ఎదురుచూసిన రోజులు నాకెన్నో. ఇలాంటి జన్యువు తీసేసినా చాలాసార్లు ల్యాబ్ మీడియంలో (పోషకాలు కలిపిన తిండిలో) హాయిగా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ తిండికి లోటు లేదు. దాని అవసరం మన ఊపిరితిత్తుల్లో, ఆక్సిజన్ అందని చోట పడుతుందేమో.

ఆర్‌వీ 0678 సంగతి చూడు. దానికి ఈనాటికీ చాలామంది వాడేది ఆ నంబరే. పక్కనే ఉన్న 0676, 0677 కలిసి ఒక పంపును తయారుచేస్తాయి. 0678 దాన్ని అదుపులో పెడుతుంది. 0678 చెడిందంటే పంపు రెచ్చిపోయి బెడాక్విలిన్‌ను బయటికి తోసేస్తుంది. మీ మేనమామ లాంటి వాళ్లకిచ్చే మందే అది! ఇప్పుడు ఆ మందుకు లొంగడం లేదంటే ముందు వెతికేది ఈ జన్యువులోనే. ప్రెటోమానిడ్ అనే మరో టీబీ మందు సంగతీ అంతే, బ్యాక్టీరియా లోపల దాన్ని విషంగా మార్చే ఎంజైము ఒకప్పుడు ఆర్‌వీ 3547 అనే నంబరు మాత్రమే.

ముందు నీ జన్యువు ఇరుగుపొరుగు ఎవరో చూడు.

స్మెగ్మాటిస్_అక్క:
అన్నయ్య చెప్పింది నిజం. అసలు టీబీ బ్యాక్టీరియాను ఎమ్మెస్సీ వాళ్ల చేతికి మామూలుగా ఇవ్వరు చెల్లీ, దానికి ప్రత్యేక భద్రతా ల్యాబ్ కావాలి. స్మెగ్మాటిస్‌లో (త్వరగా పెరిగే టీబీ బ్యాక్టీరియా చుట్టం) ఆ జన్యువును పోలినది ఉందేమో వెతుకు, అందులోనైతే మూడు రోజుల్లో కాలనీలొస్తాయి. కుష్ఠు బ్యాక్టీరియాలో కూడా తప్పకుండా చూడు. అది సగానికి పైగా జన్యువులు పోగొట్టుకుని సుమారు 1,600తో బతుకుతోంది. అంత పోగొట్టుకున్నా దీన్ని ఉంచుకుందంటే అది అవసరమైనదే అయ్యుండాలి.

విశాఖ_మైక్రో:
ఇప్పుడే చూశాను. కుష్ఠు బ్యాక్టీరియాలో ఉంది అక్కా! చెడిపోకుండా పూర్తిగా ఉంది. అన్నయ్యా, పక్క జన్యువు కణం గోడకు సంబంధించినది, రెండూ ఒకే దిశలో ఉన్నాయి, మధ్యలో 12 అక్షరాలే ఖాళీ. రెండూ కలిసి పనిచేస్తాయని అనుకోవచ్చా? రేపు పొద్దున్నే ప్రింట్ తీసి గైడ్ గారి దగ్గరికి వెళ్తున్నాను.