86 ఏళ్ల అమ్మమ్మకు తుంటి విరిగింది: ఆపరేషన్ లేకుండా నెట్టుకురాగలమా?

ప్రశ్న – గట్టుమీది మనవడు

మా అమ్మమ్మ మొన్న తెల్లవారుజామున పెరట్లో జారిపడింది. కుడికాలు పొట్టిపడి, పాదం బయటికి తిరిగిపోయింది. తొడ ఎముక పైభాగంలో, ట్రొకాంటర్ల (అక్కడుండే రెండు ఎముక బుడిపెల) మధ్య విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. పడేదాకా చేతికర్రతో ఇల్లంతా తిరిగేది, తన స్నానం తానే చేసుకునేది. గుండె పంపింగ్ 35 శాతమే ఉంది కాబట్టి ముప్పు ఎక్కువని మత్తు డాక్టరు చెప్పారు, ఆర్థో డాక్టరు మాత్రం రాడ్ వేయించమంటున్నారు. ఈ వయసులో కోత ఎందుకు, పుత్తూరు కట్టు కట్టిద్దామని ఇంట్లో పెద్దలు పట్టుబడుతున్నారు. మంచంమీద ఉంచి అతికించడం సాధ్యమేనా?

జవాబు – విశ్రాంత ఆర్థో వైద్యుడు

అతకడం వరకే అడిగితే సాధ్యమే. ట్రొకాంటర్ల దగ్గర రక్తప్రసరణ బాగుంటుంది కనుక అక్కడి విరుపు సాధారణంగా అతుకుతుంది. అదే తొడ ఎముక మెడ విరిగి పక్కకు జరిగి ఉంటే, తలభాగానికి రక్తం సరిగా అందక ఆ ఆశ కూడా తక్కువే. మేం చదువుకునే రోజుల్లో కాలికి ట్రాక్షన్ వేసి, అంటే కాలిని బరువుతో లాగి ఉంచేలా మంచం చివర ఇటుకలు వేలాడదీసి, 8 నుంచి 12 వారాలు పడుకోబెట్టేవాళ్లం. ఎముక అతికేది, కాలు కాస్త పొట్టిపడేది. అయితే ఆ వారాల్లోనే న్యుమోనియా, పడకపుండ్లు, సిరల్లో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఎముక అతికేలోగా మనిషి పోయిన సందర్భాలు చాలా చూశాను. ఇప్పుడు రాడ్ వేసేది ఎముక కోసం కన్నా మనిషిని మంచం దించడం కోసం.

ముంజేతికి కట్టిన కట్టు ఎముకను పట్టి ఉంచవచ్చు. తుంటి దళసరి కండరాల అడుగున ఉంటుంది. పైన ఎంత బిగించినా లోపలి ఎముక కదలిక ఆగదు, ముసలివారి పల్చని చర్మం మాత్రం ఒరుసుకుపోతుంది.

నెదర్లాండ్స్‌లో నర్సింగ్ హోముల్లో ఉంటూ బాగా క్షీణించిన 172 మందిపై జరిపిన అధ్యయనం 2022లో వెలువడింది. వారిలో 88 మంది విషయంలో ఆపరేషన్ వద్దనుకున్నారు. నెల తిరిగేలోగా వారిలో 83 శాతం మంది మరణించారు. ఆపరేషన్ జరిగినవారిలో అది 25 శాతం. అయినా నొప్పిని గట్టిగా అదుపులో ఉంచడం వల్ల ఆపరేషన్ వద్దనుకున్నవారి చివరి రోజులు చేయించుకున్నవారి రోజులకన్నా అధ్వానంగా గడవలేదు. అంటే ఆ దారి ఎలాగూ చివరి దశకు చేరినవారికి తగినది. తన స్నానం తాను చేసుకున్న మనిషి ఆ కోవలోకి రారని నా అభిప్రాయం.

జవాబు – అరుగు మీద నాన్న

మా నాన్నగారికి మూత్రపిండాలు దెబ్బతినడంతో ఆపరేషన్ వద్దనుకున్నాం. కదిపితే ఏడుస్తున్నారని మొదటి వారమంతా పక్కకు తిప్పలేదు, అదే మేం చేసిన తప్పు. తొమ్మిదో రోజుకి మడమ నేరేడుపండులా నల్లబడింది. అప్పుడొక నర్సమ్మ పిక్క కింద మడత దుప్పటి పెట్టి, మడమ దేనికీ తగలకుండా గాలిలో ఉండేలా చేశారు. నొప్పి మందు ఇచ్చిన అరగంటకు తిప్పాలని, రెండు గంటలకోసారి వైపు మార్చాలని నేర్పారు. ఆయన బతికారు, కుర్చీలో కూర్చోగలిగారు. నడవలేదు.

జవాబు – మత్తు వైద్యురాలు

35 శాతం పంపింగ్ ముప్పే కానీ, దాని ఒక్కదానివల్లే ఆపరేషన్ మానుకోనక్కర్లేదు. ఏ దారి ఎంచుకున్నా, గజ్జ దగ్గర నరాల బ్లాక్ (కాలి నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్) ఈ రోజే ఇవ్వమని అడగండి. ముందు ఆపరేషన్ లేకుండా చూద్దామనుకుంటే, కుర్చీలోకి మార్చినప్పుడు నొప్పి తట్టుకోలేనిదిగా ఉందేమో గమనించి, ఉంటే వెంటనే మళ్లీ ఆలోచించాలి. వారాలు గడిచాక ఎముకను సరిచేయడం కష్టం. ఇంతకీ మీ ప్రశ్నలో ఇద్దరు డాక్టర్లు, ఇంటి పెద్దలు మాట్లాడారు. ఆవిడను అడిగారా?

గట్టుమీది మనవడు

అడగలేదు. నిన్న సాయంత్రం బ్లాక్ ఇచ్చాక మూలగకుండా పక్కకు తిరిగింది, అప్పుడు అడిగాను. "మళ్లీ పెరట్లోకి నడుస్తానంటే చేయించు, లేదంటే నన్ను ఇంటికి తీసుకుపో" అంది. నడిచే అవకాశం ఉందని ఆర్థో డాక్టరు తన ఎదుటే చెప్పారు. రేపు ఉదయం మొదటి కేసుగా తీసుకుంటారు. పిక్క కింద దుప్పటి పెట్టాం.