ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (చర్చ)

గట్టుమీది తుమ్మ:

మా చేలకు ఆనుకుని సున్నపురాయి గని వస్తుందట. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నామని పత్రికలో ప్రకటన వేశారు. ప్రకటనకూ సభకూ మధ్య 30 రోజులు ఉండాలి, ఉన్నాయి. అందులో తొమ్మిది రోజులు మాకు తెలియకుండానే పోయాయి. ఆ పత్రిక వేయించుకునే ఇల్లు మా ఊళ్లో ఒక్కటీ లేదు. మా పెదనాన్నగారు పట్నంలో పాత పేపర్లు తూకానికి వేస్తూ ఊరి పేరు చూసి ఫోను చేశారు.

రచ్చబండ దగ్గర రెండు మాటలు నడుస్తున్నాయి. అందరం వెళ్లి మైకు లాక్కుని గట్టిగా నిలదీద్దామని కుర్రవాళ్లు, అసలు ఎవరమూ వెళ్లకుండా ఖాళీ కుర్చీలు చూపిద్దామని పెద్దలు. నాకు రెండూ నమ్మకంగా లేవు. ఇలాంటి సభ చూసినవారు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

మూడు బావుల వీధి:

ఖాళీ కుర్చీల సంగతి నేను చెబుతాను, ఆ పని చేసిన ఊరు మాదే.

ఎవరూ వెళ్లకూడదని గుడి దగ్గర ప్రమాణం చేయించుకున్నాం. ఊరంతా మాట మీద నిలబడింది. షామియానా కింద అధికారులు, పోలీసులు, పక్క మండలం నుంచి రెండు వ్యానుల్లో వచ్చిన కొత్త ముఖాలు తప్ప మనిషి లేడు. మేం గెలిచామనుకున్నాం. సభకు ఇంతమంది రావాలనే నియమమే లేదని నెల తరువాత తెలిసింది. కోరం అక్కర్లేదని ఈ సభల నియమాలున్న కేంద్ర ప్రభుత్వ 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. వ్యానులో వచ్చినవారు ‘మాకు సమ్మతమే’ అని చెప్పి వెళ్లారు, అదే రికార్డు అయింది. మా మౌనం ఏ కాగితంలోనూ కనబడదు.

పాత గుమాస్తా:

ఇలాంటి సభలు ఆరేడింటికి రాతపని చేసినవాడిని. పదవీ విరమణ అయింది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

ఒక సభలో ఒకాయన మైకు పట్టుకుని పావుగంట నిప్పులు కురిపించారు. జనం ఈలలు, చప్పట్లు. నేను రాసింది ఇది: ‘గ్రామస్థులు ఫలానావారు ప్రాజెక్టును వ్యతిరేకించారు.’ అంతే. అన్యాయం అనిపిస్తుంది, కానీ ఆ పావుగంటలో నా కలానికి దొరికింది అంతకన్నా లేదు. ఆయన తరువాత ఒక పెద్దావిడ వచ్చారు. చేతిలో కాగితం కూడా లేదు. ‘మా చెరువులోకి వచ్చే వాగు మీ గని మధ్యలోంచి పోతుంది. మీ పటంలో అది లేదు. దాన్ని ఎటు తిప్పుతారు? తూము కింద ఉన్న ముప్పై ఎకరాలకు నీళ్లు ఎక్కడివి?’ అని అడిగారు. అది రాయడానికి నాకు అరపేజీ పట్టింది. కంపెనీ మనిషి పటం తిరగేసి మరగేసి చివరకు ‘పరిశీలిస్తాం’ అన్నాడు. ఆ ముక్క కూడా రాశాను. తరువాత అనుమతికి ముందు ఫైలు పరిశీలించే నిపుణుల కమిటీ వివరణ కోరుతూ ఫైలు వెనక్కి పంపింది ఆ వాగు గురించే.

ఈ సభలో ఓట్లు లెక్కపెట్టరు. వెయ్యిమంది వద్దన్నా, పదిమంది కావాలన్నా దానివల్ల నేరుగా తేలేది ఏమీ లేదు. సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. అయితే అనుమతి ఇచ్చే అధికారం ఆ వేదిక మీద ఎవరికీ ఉండదు. అది ప్రాజెక్టు స్థాయిని బట్టి కేంద్ర మంత్రిత్వశాఖ గానీ, రాష్ట్రస్థాయి సంస్థ గానీ ఇస్తుంది. వాళ్లు సభకు రారు. వాళ్ల ముందుకు వెళ్లేవి రాసిన కాగితం, వీడియో. లేవనెత్తిన ప్రతి అంశానికీ కంపెనీ జవాబు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ అంచనా తుది నివేదికలో చేర్చాలి. ‘వద్దు’ అన్న మాటకు జవాబు రాయడం వాళ్లకు చాలా తేలిక. వాగు ఎటు పోతుందన్న ప్రశ్నకు అంత తేలిక కాదు.

ఇంకొకటి. సభ చివర ఆనాటి చర్చ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి, అందరూ ఒప్పుకున్నాక అధ్యక్షులు ఆ రోజే సంతకం చేయాలి. నేను చదివేటప్పుడు వినడానికి ఎంతమంది ఉండేవారో తెలుసా? నలుగురు, అయిదుగురు. భోజనాలు అయిపోయి ఉంటాయి, చివరి బస్సు వేళ అవుతుంటుంది. నేను చదివేది షామియానా విప్పేవాళ్లకు వినిపించేది. మీరు మాత్రం కదలకండి.

కొండగాలి:

గుమాస్తాగారూ, ఓట్లు లెక్కపెట్టరని అంత తేల్చి చెప్పకండి. ఒడిశా నియమగిరి కొండల్లో ఏం జరిగింది? 2013లో 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి, బాక్సైట్ గని ఆగిపోయింది. జనం మాటే చెల్లింది కదా.

నల్లకోటు చెల్లెలు:

కొండగాలిగారూ, అది వేరే దారి. నియమగిరిలో జరిగింది పర్యావరణ ప్రభావ అంచనా కింద జరిగే సభ కాదు. 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు అటవీ హక్కుల చట్టం ఆధారంగా గ్రామసభలను నిర్ణయించమంది. ఆ కొండలను పూజించే డోంగ్రియా కోందు గిరిజనుల పూజా హక్కుల ప్రశ్న కూడా అందులో ఉంది. ఆ సభల తీర్మానాల తరువాత 2014 జనవరిలో మంత్రిత్వశాఖ అనుమతి నిరాకరించింది. అక్కడ గ్రామసభకు బలం ఉంది. తుమ్మగారి ఊరు మైదానంలోది, అటవీ భూమి లేదు, షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే రాజ్యాంగం కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం కూడా కాదనుకుంటాను. అలాంటప్పుడు అక్కడి ఆయుధం ఇక్కడ పనిచేయదు. ఏజెన్సీ ఊళ్లవారికైతే గిరిజన ప్రాంతాల భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వరాదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం ఉన్నాయి, వాటి చర్చ విడిగా పెట్టుకోవలసినంత పెద్దది.

మా సీనియర్ ఒకరు అనేవారు, ఊరివాళ్లు సభకు వచ్చేటప్పుడు కోర్టుకు వచ్చినట్టు రావాలని, ఎన్నికల ప్రచారానికి వచ్చినట్టు కాదని. అంత కటువుగా నేను అనను. ఉన్నమాట మాత్రం అదే.

కొండగాలి:

సరే, ఒప్పుకుంటున్నాను. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని పోరాడిన బీల మాటేమిటి మరి? అక్కడ సభలతో అయిందా?

నల్లకోటు చెల్లెలు:

సోంపేట గురించి తేలికగా రాయడానికి మనసు రాదు. ఏడాదిలో చాలాభాగం నీరు నిలిచే బీల భూములను పనికిరాని భూమిగా చూపించారన్నది అక్కడివారి మొదటి అభ్యంతరం. దాన్ని కాగితం మీద పెట్టినందువల్లే అప్పీలు నిలబడింది, 2010 జులైలో అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ థర్మల్ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. అదే నెల 14న పోలీసు కాల్పుల్లో రైతులు ప్రాణాలు కోల్పోయారు. కాగితం ఒక్కటే చాలిందని అక్కడ ఎవరూ అనలేరు, పోరాటం ఒక్కటే చాలిందనీ అనలేరు.

ఆ అథారిటీ స్థానంలో ఇప్పుడు జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది, మన రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. అనుమతి మీద అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60. ఆపైన ఒక్కరోజు దాటినా తలుపు మూసుకుంటుంది. అనుమతి ఎప్పుడు వచ్చిందో గమనిస్తూ ఉండే మనిషిని ఊళ్లో ఇప్పుడే ఒకరిని పెట్టుకోండి.

నివేదికల మనిషి:

కంపెనీల కోసం ఈ పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే సలహా సంస్థలో అయిదేళ్లు పనిచేశాను. నన్ను తిట్టాలనుకునేవారు తిట్టవచ్చు, అలవాటే.

తుమ్మగారూ, ముసాయిదా నివేదిక మొత్తం చదవాలి. తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే, పది పదిహేను పేజీలు. అసలు సరుకు ఇంగ్లీషులో ఉంటుంది, వందల పేజీలు. కలెక్టరు కార్యాలయంలోనూ, జిల్లా పరిషత్‌లోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ చూడటానికి పెట్టాలి. వెళ్లి అడగండి. ఇంగ్లీషు వచ్చిన డిగ్రీ పిల్లలు ఇద్దరిని తీసుకువెళ్లండి, అధ్యాయాలు పంచుకోండి.

మొదట నీటి అధ్యాయం తెరవండి. గని చివరికి ఎంత లోతుకు వెళ్తుందో ఒకచోట ఉంటుంది, వేసవిలో భూగర్భ జలమట్టం ఎంత లోతున ఉందో మరోచోట ఉంటుంది. ఈ రెండు అంకెలనూ ఒకే పేజీలో పెట్టడం మాకు ఇష్టం ఉండేది కాదు. మీరు పెట్టండి. గని అడుగు నీటిమట్టం కిందికి దిగేది ఎన్నో ఏట? అప్పుడు తోడే నీరు ఎటు వదులుతారు, బావులు ఎండితే ఎవరు తవ్విస్తారు? గాలి, నీటి నమూనాలు సాధారణంగా వానాకాలం కాని ఒక ఋతువులో, మూడు నెలలు తీస్తాం. గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ఎన్ని బావులు, ఎన్ని బళ్లు, ఎన్ని చెరువులు అని పట్టిక ఉంటుంది. ఆ పట్టికను ఊరిలో తిరిగి సరిచూడండి. అంతకన్నా గట్టి పని లేదు.

ఒకసారి చుక్క నీరు లేని మెట్ట ఊరి నివేదికలో ‘మత్స్యకారుల పడవల రాకపోకలకు ఆటంకం కలగదు’ అన్న వాక్యం నా కంటపడింది. ఓడరేవు నివేదికలోంచి వచ్చి కూర్చుంది. తీసేశాను. నా కంటపడకుండా పోయినవి ఎన్నో.

గేటు కాపలా:

ఇక్కడ అందరూ ఆపేవాళ్లేనా? మా ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. రాకముందు మా నాన్న ఏడాదికి ఎనిమిది నెలలు వలసలో ఉండేవాడు. నేను ఇంటి దగ్గరే ఉన్నాను. దుమ్ము ఉంది, కాదనను. అమ్మ ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిద రంగుకు వస్తాయి. అయినా పరిశ్రమ రావద్దు అని నా నోటితో అనలేను.

నా బాధ వేరు. సభలో ‘స్థానికులకే ఉద్యోగాలు’ అని మైకులో చెప్పారు, మేం చప్పట్లు కొట్టాం. ఎన్ని, ఏ పని, కంపెనీ చిట్టాలోనా కాంట్రాక్టరు కిందా అని ఒక్కరం అడగలేదు. నాకు గేటు కాపలా వచ్చింది, కాంట్రాక్టరు కింద. ఏటేటా మనిషి మారతాడు, మా పాత సర్వీసు సున్నా అవుతుంది. కావాలనుకునేవాళ్లు కూడా ప్రశ్నలు రాసుకుని వెళ్లాలి.

పాత గుమాస్తా:

గేటు కాపలాగారి మాట బంగారం. వ్యతిరేకించేవాళ్లకన్నా సమర్థించేవాళ్లు ఇచ్చిన షరతులకు ఎక్కువ విలువ దొరకడం నేను చూశాను.

మూడు బావుల వీధి:

లిఖితపూర్వకంగా కూడా ఇవ్వవచ్చు అంటారు కదా. సభకు రాలేని ముసలివాళ్ల తరఫున ఇస్తే తీసుకుంటారా?

పాత గుమాస్తా:

తీసుకోవాలి. ప్రజా సంప్రదింపుల్లో సభ ఒక భాగం, రాతపూర్వక అభిప్రాయాలు మరొక భాగం. ఒకే పాఠానికి ఐదువందల జిరాక్సులు తీసి సంతకాలు పెట్టకండి, అవన్నీ కట్టగట్టి ‘ఒకే రకమైన అభ్యంతరాలు’ అని ఒక వరుసలో తేల్చేస్తారు. ఎవరి పొలం సంగతి వారు, సర్వే నంబరుతో, సొంత మాటల్లో. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా మెట్లు దిగవద్దు.

గట్టుమీది తుమ్మ:

అందరికీ నమస్కారాలు. సభ నిన్ననే అయింది. మధ్యలో ఇక్కడ జవాబు రాయలేకపోయాను, మన్నించాలి.

డిగ్రీ చదివే పిల్లలు నలుగురు ఆరు రోజులు బావుల లెక్క తీశారు. నివేదికలో మా ఊరికి 14 బావులని ఉంది. వాడుకలో ఉన్నవే 41 తేలాయి. పేర్లు, సర్వే నంబర్లు, నీటి లోతు, అన్నీ ఒక నోటుపుస్తకంలో. మా మేనత్త తన బావికి దారం కట్టి, దాని చివర గొళ్లెం వేలాడదీసి స్వయంగా కొలిచింది. పిల్లల టేపు మీద నమ్మకం లేదట.

మైకు లాక్కునే పని ఎవరూ చేయలేదు. నాకు ఆరు నిమిషాలు వచ్చాయి. బావుల లెక్క చదివి, గని లోతూ నీటిమట్టమూ పక్కపక్కన పెట్టి, దాటేది ఎన్నో ఏట అని అడిగాను. ప్రతినిధి ‘నోట్ చేసుకున్నాం’ అన్నాడు. నోట్ చేసుకున్నది ఏమిటో చదివి వినిపించమన్నాను. వేదిక మీద అధికారి నవ్వి, చదవమన్నారు. చదవడానికి అతని కాగితం మీద ఏమీ లేదు.

గుమాస్తాగారు చెప్పినట్టే చివరిదాకా కూర్చున్నాం, అరవైమందిమి. మినిట్స్, అదే ఆ చర్చ సారాంశం, చదివేటప్పటికి చీకటి పడింది. అందులో ‘41 బావులు’ బదులు ‘14 బావులు’ అని వినిపించింది. చేయెత్తాను. సరిదిద్దుతామన్నారు. సరిదిద్దిన చోట అధికారి పొట్టి సంతకం పెట్టలేదేమోనని ఇప్పుడు అనుమానం. ఏం చేయాలి?

పాత గుమాస్తా:

రేపే లేఖ ఇవ్వండి, నోటుపుస్తకం నకలు జతచేసి. సభ నడిచిన తీరు మొత్తం వీడియో తీయాలి, ఆ వీడియో కూడా పైకి వెళ్తుంది. మీరు లెక్క చదివింది ఎన్ని గంటలకో లేఖలో రాయండి, వెతుక్కునేవాళ్లకు శ్రమ ఉండదు. సమయం గుర్తుందా?

గట్టుమీది తుమ్మ:

గుర్తుంది. 4 గంటల 10 నిమిషాలు. నేను ‘నలభై ఒకటి’ అనగానే కరెంటు పోయి మైకు ఆగింది. మళ్లీ గట్టిగా అరిచి చెప్పాను. కెమెరా బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది.